చివరి తూము

తాడు కోయడానికి వీల్లేదన్నాడు జయకృష్ణ.

"ఎందుకు కోయగూడదు?" అన్నాడు బెంజిమిన్. "శత్రువులంతా వంతెన మీదికి వచ్చినాక తాడు కోస్తే లోయలో పడతారు. కత్తి దూసే పనే లేదు."

"నీ వాడికి అంత తెలివి ఉండదురా. పుట్టుక గడి చూడు."

నరసరావుపేటలో జయకృష్ణ తండ్రి ఎరువుల దుకాణం పైన ఉన్న గది అది. కింద నుంచి పురుగుమందుల వాసన మెట్లెక్కి వస్తూనే ఉంటుంది. మధ్యలో కాళ్ళు విరిగిన క్యారమ్ బల్లను రెండు డబ్బాల మీద బోర్లించి, దాని మీద ఆట పరిచారు. పాలిటెక్నిక్‌లో కలిసి చదువుకున్న ఐదుగురు ప్రతి ఆదివారం మధ్యాహ్నం అక్కడ చేరతారు. ఒకరు ఒక కల్పిత లోకాన్ని వర్ణిస్తూ ఆట నడుపుతారు. మిగిలినవాళ్ళు ఆ లోకంలో తలా ఒక మనిషిగా తిరుగుతారు. ఏం చేయదలచుకున్నారో చెబుతారు. ఇరవై ముఖాల పాచిక వేస్తే, అయిందో కాలేదో అది తేలుస్తుంది. ఇంతవరకూ ఆట నడిపింది జయకృష్ణే. మంచు కొండలు, కోటలు, రాకాసులు ఉన్న ఆ లోకం అతను తెప్పించిన ఇంగ్లీషు పుస్తకంలోనిది.

ప్రతి ఆటగాడి ముందూ ఒక కాగితం. పేరు, వృత్తి, వాటి కింద పుట్టుక. ఇంగ్లీషులో 'రేస్' అని ఉన్న ఆ మూడో మాటకు తెలుగు వెతికిన రోజున భవిత "కులం అని రాయండి, సరిపోద్ది" అని నవ్వింది. తోడుగా ఎవరూ నవ్వలేదు. హబీబుల్లా "పుట్టుక అందాం" అన్నాడు. అదే స్థిరపడింది.

జయకృష్ణ వేలు ఇప్పుడు బెంజిమిన్ కాగితంలో ఆ గడి మీద ఉంది. "కొండరాకాసి. బలం ప్లస్ రెండు, తెలివి మైనస్ రెండు."

"ఆలోచన నాది గదరా."

"నీది. నీ వాడిది కాదు. వాడు కొట్టటం వరకే."

బెంజిమిన్ నవ్వాడు. దాచేపల్లి దగ్గర సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబులో అతని ఉద్యోగం. సిమెంటు దిమ్మెలను యంత్రం కింద పెట్టి, ఏ ఒత్తిడికి పగులుతాయో చూసి రాస్తాడు. గోళ్ళ అంచుల్లో బూడిదరంగు ఎంత కడిగినా పోదు. ఆ వేళ్ళతో పెన్సిల్‌ను కాగితం పక్కన, అంచుకు సమానంగా పెట్టి పాచిక తీసుకున్నాడు. "సరే. కొడతా."

జాస్మిన్ ఆ పెన్సిల్ వైపే చూస్తోంది. బెంజిమిన్ ఆమె పెదనాన్న కొడుకు. ఆ సాయంత్రమంతా అతను మళ్ళీ ఆ పెన్సిల్ ముట్టుకోలేదు. ఏ ఉపాయమూ చెప్పలేదు. తన వరుస వచ్చినప్పుడల్లా "కొడతా" అన్నాడు.

ఆట ముగిసి పాచికలు డబ్బాలో వేస్తుండగా ఆమె అంది: "వచ్చే ఆదివారం నేను నడుపుతా. నా లోకం. అందులో ఈ గడి ఉండదు."

"పుట్టుక లేకుండా ఆటేంది? ఎవడు ఏందో ఎట్టా తెలుస్తది?" అన్నాడు జయకృష్ణ. అతని గొంతులో కోపం లేదు, నిజమైన ఆశ్చర్యమే ఉంది. తర్వాత నవ్వాడు. "సరే, చెయ్యి. ఆట చివరిదాకా నడిస్తే నీ లోకమే. మధ్యలో ఆగిపోయిందంటే మాత్రం మళ్ళీ నాదే. ఇంక ఈ మాట ఎత్తగూడదు."

"ఎత్తను."

మెట్లు దిగుతూ బెంజిమిన్ నెమ్మదిగా అన్నాడు. "నా కోసమైతే వద్దమ్మాయ్. నేను వచ్చే వారం నుంచి రాకపోయినా రాకపోవచ్చు. ఆదివారం షిఫ్టు అడిగితే ఇస్తారు."

"ఈ ఒక్క ఆదివారం రా అన్నయ్యా. ఆ తర్వాత నీ ఇష్టం."

*

జాస్మిన్ ఒక ఇంజినీరు ఆఫీసులో ఇళ్ళ ప్లాన్లు గీస్తుంది. సోమవారం ఉదయం శివరామయ్య అనే పెద్దమనిషి వచ్చి, గీసిన ప్లానులో వంటగదిని ఆగ్నేయానికి జరపమన్నాడు. జరిపింది. అప్పుడు మెట్లు కిటికీకి అడ్డొచ్చాయి. కిటికీ మూసింది. అప్పుడు హాల్లోకి గాలి రాదని తేలింది. "గాలి లేకపోయినా పర్లేదమ్మా, దిక్కు తప్పగూడదు" అన్నాడు ఆయన. గాలి ఏ దిక్కు నుంచి వస్తుందో తెలిసీ కంప్యూటర్ తెరపై గోడ గీసింది.

మధ్యాహ్నం టిఫిన్ డబ్బా పక్కకు జరిపి, పనికిరాని ప్లాను కాగితం ఒకటి తిరగేసి తన లోకం మొదలుపెట్టింది. మొదట ఒక మంచు కొండ వచ్చింది. మంచును తానెప్పుడూ చూడలేదు. ఎట్లా కరుగుతుందో, కాలి కింద ఏ చప్పుడు చేస్తుందో చెప్పలేకపోయింది. చెరిపేసింది. కోట వచ్చింది. అందులో ఎంతమంది ఉంటారు, వాళ్ళకు నీళ్ళెక్కడివి, మురుగు ఎటు పోతుంది? జవాబు దొరకలేదు. అదీ పోయింది. ఎట్లా పనిచేస్తుందో తాను చెప్పలేనిది తన లోకంలో ఉండకూడదని నిర్ణయించుకుంది. సాయంత్రానికి కాగితం మీద రబ్బరు పొడి తప్ప ఏమీ మిగల్లేదు.

ఇంటికి పోతూ భవితకు ఫోన్ చేసింది. పోటీ పరీక్షలకు చదువుతున్న భవిత ఎప్పుడు చేసినా తీస్తుంది.

"పుట్టుక తీసేశావు, బానే ఉంది. మరి ఎవరికి ఏం ఎక్కువ, ఏం తక్కువ?" అంది భవిత. "అందరూ ఒకటే అయితే ఆటేముందే? బడి యూనిఫాం లాగుంటది."

"తేడా ఉండాలి. మనిషితో పుట్టగూడదు."

"మరి దేంతో పుడద్ది? వాస్తుతోనా?"

జాస్మిన్‌కు నవ్వొచ్చింది. జవాబు మాత్రం రాలేదు. మంగళవారం కూడా రాలేదు.

*

బుధవారం పొద్దున్నే వీధిలోకి మున్సిపాలిటీ ట్యాంకర్ వచ్చింది. దానికి ముందే రోడ్డు వారగా ప్లాస్టిక్ బిందెల వరుస ఉంది. బిందె పెట్టినవాళ్ళు ఇళ్ళలోకి పోయి తమ పనులు చేసుకుంటారు. బిందె వాళ్ళ తరఫున నిలబడుతుంది.

జాస్మిన్ తల్లి మరియమ్మ పరుగున వచ్చేసరికి వరుస మారి ఉంది.

"ఏమే కోటేశ్వరమ్మా, నా బిందె ముందుకు నీ బిందె ఎట్టొచ్చింది? నేను పొయ్యి మీద పాలు చూసొచ్చేలోపల దానికి కాళ్ళొచ్చినయ్యా?"

"నువ్వు లేవు గదా వదినా."

"నేను లేకపోతే నా వంతు లేకుండా పోద్దా? బిందె ఉంది గదే!"

"నాకు ఇయ్యాల చుట్టాలొస్తన్నారు. చానా నీళ్ళు కావాల."

"చుట్టాలొస్తే వంతు మారిద్దా? రాష్ట్రపతి వచ్చినా నా బిందె తర్వాతే నీ బిందె. తియ్యి!"

కోటేశ్వరమ్మ గొణుక్కుంటూ తీసింది. ఆ వీధిలో రెండంతస్తుల ఇల్లు ఆమెదే. అయినా తీసింది. మరియమ్మ గొట్టం అందుకుంది. నీళ్ళు పడుతున్నంతసేపూ ఆ వీధిలో ఆమెను మించిన మనిషి లేదు. బిందె నిండగానే గొట్టం చేతులు మారింది, ఆమె మళ్ళీ మామూలు మరియమ్మ అయింది.

జాస్మిన్ ఖాళీ బిందె పట్టుకొని అట్లాగే నిలబడిపోయి, ఉన్నట్టుండి నవ్వింది.

"నవ్వుతావేందే? పట్టు!" అని కసిరింది తల్లి.

*

ఆ రోజు నుంచి మూడు సాయంత్రాల్లో లోకం తయారైంది. తెరపై కాదు, చేత్తోనే గీసింది.

సూర్యుడు లేని లోకం అది. పైన ఆకాశానికి బదులు సున్నపురాతి కప్పు. ఆ కప్పులోని ఒక చీలిక నుంచి వెలుగు నీటిలాగా జారి, ఒక కాలువలో పారుతుంది. కాలువ వెంట నాలుగు ఊళ్ళు, ఊరికొక తూము. ఎత్తున తొలివాడ, దాని కింద నడిమిట్ట, ఆ కింద సున్నపురేవు, అన్నిటికన్నా కింద కడగండి. ఏ ఊరికి వంతు వస్తే ఆ ఊరి తూము తెరుచుకుంటుంది. ఆ వెలుగుతోనే అక్కడ పంటలు పండుతాయి, గాయాలు మానతాయి, మంత్రాలు పనిచేస్తాయి. వంతు అయిపోగానే తూము మూసుకుంటుంది, అంతటి మంత్రగాడూ తడుముకుంటూ నడవాల్సిందే. తూము దాటి బయటికి వచ్చిన వెలుగు ఆ వంతులోనే ఆరిపోతుంది. కాలువలో ఉన్నంతసేపే నిలుస్తుంది. తొలివాడలో ఒక శిఖరదీపం ఉంది. దాన్ని నిండుగా వెలిగించినవాడు నాలుగు ఊళ్ళకూ ఏలిక.

కడగండి కట్ట వెనక పల్లంలో చీకటి పందికొక్కు ఉంది. ఏనుగంత ఉంటుంది. వెలుగు తగిలితే చస్తుంది కనుక కట్ట జోలికి రాదు. బొరియలోంచి ఊళ్ళోకి సొరంగాలు చేసి ఇళ్ళ పునాదులు తవ్వుతుంది.

ఆటగాళ్ళ కాగితాల్లో పుట్టుక ఉండే చోటును ఖాళీగా వదిలేసింది. అడుగున కొత్త గడి ఒకటి గీసి 'నిలిచిన చోటు' అని రాసింది. దాన్ని పెన్సిల్‌తోనే నింపాలి. మనిషి నడిస్తే అది మారుతుంది.

నియమాలన్నీ రాశాక చివర ఒక వాక్యం తట్టింది: 'ఎవరి వంతు వారిదే.' మరొకరి వరుస ఎవరూ లాక్కోకూడదని ఆమె ఉద్దేశం. తల్లి గొంతు అందులో వినిపించింది. ముచ్చటపడి దాని కింద గీత గీసింది.

మరియమ్మ తొంగి చూసి, "పాచికలు ఇంట్లోకి తేవద్దన్నానా?" అంది.

"పాచికలు కావమ్మా. ట్యాంకర్."

మరియమ్మ కూతురి నుదురు మీద చెయ్యి వేసి చూసి పోయింది.

*

ఆదివారం చర్చి నుంచి నేరుగా వచ్చింది జాస్మిన్. బెంజిమిన్ ముందే వచ్చి గోడకు ఆనుకొని కూర్చున్నాడు. పటం పరవగానే భవిత వంగి చదివింది.

"కడగండి ఏందే, పేర్లోనే కడగండ్లున్నయి! ఇదేంది, పందికొక్కా? డ్రాగన్ లేదా?"

"డ్రాగన్ను మనలో ఎవరు చూశారు? పందికొక్కు తవ్వితే ఏమౌద్దో అందరికీ తెలుసు."

"మా దుకాణంలో మందుంది దానికి" అన్నాడు జయకృష్ణ. అందరూ నవ్వారు, జాస్మిన్ కూడా.

చోట్లు ఎంచుకోమంటే జయకృష్ణ తొలివాడ అన్నాడు. భవిత నడిమిట్ట, మొబైల్ షాపు మూసి ఆలస్యంగా వచ్చిన హబీబుల్లా సున్నపురేవు. మిగిలింది కడగండి. బెంజిమిన్ అదే రాసుకున్నాడు.

"మొదటి వంతు తొలివాడది" అంది జాస్మిన్. "తూము తెరుచుకుంది. వెలుగు నీ కాళ్ళ దగ్గర ఉంది. ఏం చేస్తావు?"

"ఏమీ చెయ్యను. కాలువలోనే ఉంచు."

"అయితే నీ వంతు అయిపోయింది. వెలుగు నడిమిట్టకు..."

"ఆగాగు." జయకృష్ణ నియమాల కాగితం అందుకున్నాడు. "ఇదేం రాశావు? 'ఎవరి వంతు వారిదే.' గీత గూడా గీశావు. నలుగురం ఆడతన్నాం. నాది నాలుగో వంతు. నాలుగో వంతంటే ఏంది? వాటా. నేను వాడకపోయినా అది నాదే. కాలువలో ఉంటది, ఎవరూ ముట్టుకోగూడదు. ప్రతి చుట్టుకీ నా నాలుగో వంతు దాచుకుంటా. కాలువ నిండినాక శిఖరదీపం వెలిగిస్తా. ఆట అయిపోద్ది."

కింద ఎవరో బస్తా దించిన చప్పుడు వినిపించింది.

"అట్టా కాదు, వంతంటే వరుస. తిక్కతిక్కగా మాట్లాడమాక" అంది భవిత.

"వాటా అనే అర్థం ఉందా లేదా? లేదను, ఊరుకుంటా."

ఉంది. అది జాస్మిన్‌కు తెలుసు. వాటాకు వారసులుంటారు, వంతుకు ఉండరు. వాటా ఒకచోట ఉండిపోతుంది, వంతు వస్తుంది, పోతుంది. ఆ తేడా మీదే ఆమె లోకమంతా నిలబడింది. ఆ తేడాను ఆ మాట మోయలేదని గీత గీసినప్పుడు ఆమె చూడలేదు. ఆట నడిపేది తానే. 'నేను చెప్పిందే నియమం' అని ఒక్క మాట అనవచ్చు. పోయిన ఆదివారం ఈ బల్ల దగ్గరే ఒకరు చేసింది అదే. ఆమె బెంజిమిన్ వైపు చూడకుండా కాగితాన్ని మళ్ళీ చదివింది.

"ఉంది" అంది. "రాసింది నేనే. నీ అర్థమే తీసుకుందాం. నాలుగు ఊళ్ళు, నాలుగు వంతులు. ఎవరిది వారిదే."

"ఒసేయ్!" అంది భవిత.

ఆట సాగింది, సాగిందనడం కన్నా ఈడ్చుకుపోయిందనడం సరి. ప్రతి చుట్టులో తలా ఒక నాలుగో వంతు వచ్చేది. దానితో భవిత ఒక పాదు పెంచగలిగింది, హబీబుల్లా ఒక గాయం మాన్పగలిగాడు. బెంజిమిన్ ఒక దివిటీ వెలిగించేవాడు, పందికొక్కు వెనక్కి జరిగేది, దివిటీ ఆరేది, మరో ఇల్లు కూలేది. కాలువలో వచ్చే వెలుగంతా ఒక్కసారి దక్కితే ఆ బొరియను వెలుగుతో నింపవచ్చు. దక్కదు. జయకృష్ణ మాత్రం ప్రతిసారీ "ఉంచు" అనేవాడు. కాలువ మట్టం పెరిగింది. పై ఊరి నుంచి కింది ఊరిదాకా కట్టల అంచులు తాకుతూ వెలుగు నిలిచింది. కడగండి జనం చీకట్లో కూర్చొని, తలల పైన నిండుగా మెరుస్తున్న కాలువను చూస్తున్నారని జాస్మిన్ చెప్పింది.

"ఇంకో చుట్టు" అన్నాడు జయకృష్ణ. "దీపం వెలుగుద్ది."

బెంజిమిన్ అప్పటిదాకా ఒళ్ళో ఉంచుకున్న పెన్సిల్‌ను బల్ల మీదికి తెచ్చాడు. పటం మీద కాలువ వెంట దాని మొన కిందికి నడిపించి చివర ఆపాడు.

"కట్ట దేంతో కట్టారు?"

"నాపరాళ్ళు. సున్నం."

"కట్ట ఎవరిది?"

"నాలుగు ఊళ్ళదీ" అంది జాస్మిన్.

"అంటే నాలుగు వంతులు. ఎవరి వంతు వారిదే." తలెత్తి జయకృష్ణను చూశాడు. "నువ్వే గదరా తేల్చింది. చివరి వంతు కట్ట నాది. నీ వెలుగు నేను ముట్టుకోను. నా కట్ట నేను తవ్వుకుంటా. చివరి తూము పక్కన, పల్లం వైపు."

హబీబుల్లా "అల్లా!" అని రెండు చేతులూ తల మీద పెట్టుకున్నాడు. భవితకు అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. అర్థమయ్యాక బల్ల మీద చరిచింది. ఆటగాళ్ళ గుర్తులుగా పటం మీద పెట్టిన మట్టి బొమ్మలన్నీ ఎగిరిపడ్డాయి.

"కుదరదు" అన్నాడు జయకృష్ణ. "నీ వాడికి అంత తె..." అతని వేలు అలవాటు కొద్దీ బెంజిమిన్ కాగితం మీదికి పోయింది. పేరు, వృత్తి దాటి, మూడో గడి ఉండే చోట ఆగింది. అక్కడ తెల్ల కాగితం ఉంది. వేలు కాసేపు అక్కడే నిలబడింది. తర్వాత మెల్లగా వెనక్కి వచ్చింది.

"పాచిక పద్నాలుగు దాటాలి" అంది జాస్మిన్. "గట్టి కట్ట."

"ఖాళీ కాలువైతే పద్నాలుగు" అన్నాడు బెంజిమిన్. ఇప్పుడు అతను ల్యాబులో మాట్లాడినట్టు మాట్లాడుతున్నాడు. "నిండు కాలువ గట్టును తోస్తా ఉంటది. ఆ ఒత్తిడి లెక్కేయవా? కట్ట పగలటానికి నేను కొట్టాల్సింది కొంచెమే. మిగతాది వాడు నింపిన వెలుగే చేసుద్ది."

ఆమె లెక్క వేసింది. ఆప్యాయతతో కాదు, న్యాయంగానే వేసింది. "ఏడు దాటితే చాలు."

బెంజిమిన్ పాచికను అరచేతుల మధ్య ఊపలేదు, దానిమీద ఊదలేదు. బల్ల మీద వదిలాడు. అది దొర్లి పటంలో నడిమిట్ట మీద ఆగింది. అద్భుతమేమీ జరగలేదు. తొమ్మిది పడింది. తొమ్మిది చాలు.

జాస్మిన్ లేచి నిలబడింది. ఆ సంగతి ఆమెకు తెలియదు. కట్టలో మొదట ఒక రాయి కదిలిందని, దాని సందులోంచి సూదిలాంటి వెలుగు చీకట్లోకి దూకిందని చెప్పింది. రెండో రాయి, మూడో రాయి. ఆ తర్వాత రాళ్ళు లేవు, గండి ఉంది. ఇన్ని చుట్లుగా నిలిచిన వెలుగంతా ఒక్కసారిగా పల్లంలోకి ఉరికింది, బొరియలన్నీ నిండాయి, పందికొక్కు అరిచిన అరుపుకు సున్నపురాతి కప్పు అదిరింది. ఆ వెలుగులో కడగండి మనుషులు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. చాలామందికి అది మొదటిసారి.

భవిత ఈల వేసింది. హబీబుల్లా లేచి బెంజిమిన్‌ను వెనక నుంచి వాటేసుకున్నాడు. "ఏం కొట్టావు భాయ్!" కింద నుంచి జయకృష్ణ తండ్రి "ఒరేయ్, పైన ఏందిరా ఆ గోల? కస్టమర్లున్నారు!" అని కేకేశాడు. ఎవరూ తగ్గలేదు. బెంజిమిన్ నవ్వుతున్నాడు. పోయినవారం నవ్విన నవ్వు కాదది. ఇది ఆపుకోలేక వస్తోంది.

జయకృష్ణ ఒక్కడే పటం వైపు చూస్తున్నాడు.

"తొలివాడలో ఏమైంది?" అన్నాడు.

"చీకటి" అంది జాస్మిన్. "కాలువ అడుగు కనపడుతోంది. గండి పూడ్చేదాకా ఏ ఊళ్ళోనూ వెలుగు నిలవదు. నీ వంతు వచ్చింది. ఏం చేస్తావు?"

అతను వాదించడానికి ఇంకేమైనా ఉందా అని నియమాల కాగితాన్ని ఒకసారి తిరగేశాడు. తర్వాత దాన్ని కింద పెట్టి, రబ్బరు కోసం చెయ్యి చాచాడు. భవిత అందించింది. తన కాగితం అడుగున 'నిలిచిన చోటు' గడిలో తొలివాడ అన్న మాటను చెరిపాడు. గట్టిగా రాసుకున్నాడేమో, అచ్చు కొంచెం మిగిలింది, మళ్ళీ రుద్దాడు. పొడి ఊదాడు. కడగండి అని రాశాడు.

"నడిచి కిందికి పోతా" అన్నాడు. "రాళ్ళు మోస్తా. వీడొక్కడే ఎట్టా పూడుస్తాడు?" ఆ తర్వాత ఎటో చూస్తూ అన్నాడు: "ఈ పూటకు అయ్యే పని కాదు. వచ్చే ఆదివారం గూడా ఇదే పరవాల."

"నేను షిఫ్టు అడగాలేమో" అన్నాడు బెంజిమిన్.

"అడుగు. ఆదివారం వద్దని అడుగు."

జాస్మిన్ కూర్చుంది. రబ్బరు తీసుకొని, 'ఎవరి వంతు వారిదే' అన్న వాక్యం కింద గీతను మాత్రం చెరిపి, వాక్యాన్ని అట్లాగే ఉంచింది.

"రాళ్ళ దగ్గరికి పోయినాను" అన్నాడు జయకృష్ణ, పాచిక అందుకుంటూ. "వెయ్యనా?"

"ఆగు" అంది జాస్మిన్. "పైనుంచి వచ్చావు. వరుసలో చివర నిలబడు. ముందు అన్నయ్య వంతు."